బొమ్మ కార్డులు పదికాలాల పాటు నిలవాలంటే

జులై మొదటి వారంలో మా అక్కయ్య కొడుకు డాలస్ నుంచి విశాఖపట్నం వచ్చాడు. పదకొండేళ్ల వాడు. పెట్టె తెరవగానే బట్టల కంటే ముందు బయటికి తీసింది తన పోకేమాన్ కార్డుల బైండర్. వీధిలో పిల్లలందరికీ చూపించాలని మెరుపు కార్డులన్నీ అరల్లోంచి తీసి డైనింగ్ టేబుల్ మీద వరసగా పరిచాడు. రెండు రోజులు అవి అక్కడే ఉన్నాయి. మూడో రోజు పొద్దున్నే వాడి కేక వినిపించింది: "మామయ్యా, నా చారిజార్డ్ కార్డు వంగిపోయింది!"

వెళ్లి చూశాను. పెనం మీద అట్టు కాలాక అంచులు లేచినట్టు, మెరుపు కార్డులన్నీ దోనెల్లా వంగి ఉన్నాయి. పక్కనే ఉన్న మామూలు కార్డులు మాత్రం చక్కగా పరుచుకుని ఉన్నాయి. వాటి మీద ఎవరూ కూర్చోలేదు, నీళ్లూ ఒలకలేదు. కళ్లలో నీళ్లు తిరుగుతుంటే వాడు అడిగిన ప్రశ్న ఒకటే: "నేనేం చేశానని?"

వాడేమీ చేయలేదు. సముద్రపు గాలి చేసింది. మెరుపు కార్డులో కాగితపు పొర మీద పలచటి ఫాయిల్ పొర అతికించి ఉంటుంది. కాగితం గాలిలోని తేమను పీల్చుకుని కొద్దిగా సాగుతుంది. ఫాయిల్ పీల్చుకోదు, సాగదు. వెనక పొర పెరిగి ముందు పొర పెరగకపోతే కార్డు ముందువైపుకు వంగక తప్పదు. మరీ పొడి గాలిలో ఇదే తిరగబడుతుంది. కాగితం కుంచించుకుని కార్డు వెనక్కి వంగుతుంది. ఏసీ ఇంట్లో పెరిగిన కార్డులు విశాఖ వానాకాలంలోకి వచ్చేసరికి ఆ తేడా రెండు రోజుల్లోనే బయటపడింది.

ఆ వారం రోజులూ వాడూ నేనూ కూర్చుని ఆ బైండర్‌ను మొదటి పేజీ నుంచి మళ్లీ సర్దాం. అప్పుడు వాడికి చెప్పినవే ఇక్కడ రాస్తున్నాను. చూసుకున్నందువల్ల కార్డు పాడవదు. దాన్ని ముఖ్యంగా పాడుచేసేవి నాలుగు: తప్పుడు ప్లాస్టిక్, ఒత్తిడి, తేమ, వెలుతురు. ఈ నాలుగింటి సంగతి తెలిస్తే ఎంత చిన్న సేకరణైనా రోజూ చూసుకుంటూనే తరాల పాటు కాపాడుకోవచ్చు.

సిగరెట్ పెట్టె అట్ట నుంచి

ఈ కార్డుల పుట్టుక చాలా మామూలుది. 19వ శతాబ్దం చివర్లో అమెరికాలో సిగరెట్లు మెత్తటి కాగితపు పొట్లాల్లో వచ్చేవి. లోపలి సిగరెట్లు నలిగిపోకుండా ఒక అట్టముక్క పెట్టేవారు. ఆ అట్ట మీద ఆటగాళ్ల బొమ్మలు, పక్షులు, జెండాలు అచ్చు వేయడం మొదలుపెట్టాక జనం ఆ అట్టలను దాచుకోవడం మొదలుపెట్టారు. తర్వాత అవి మిఠాయిలతో, బబుల్‌గమ్‌తో వచ్చాయి. 1993లో మ్యాజిక్: ది గ్యాదరింగ్‌తో కార్డులే ఒక ఆటగా మారాయి. 1996లో జపాన్‌లో పోకేమాన్ కార్డులు వచ్చాయి, 1999లో వాటి ఇంగ్లిష్ ముద్రణ వెలువడింది. మన దగ్గర కూడా బబుల్‌గమ్‌తో వచ్చిన క్రికెట్ కార్డులు, కుస్తీ వీరుల ట్రంప్ కార్డులు దాచుకున్న తరం ఒకటుంది. ఇప్పుడు ఆ తరం పిల్లలు పోకేమాన్ కార్డులు దాచుకుంటున్నారు.

కార్డు ఏ స్థితిలో ఉందన్నది ఎంత ముఖ్యమో ఒక్క ఉదాహరణ చాలు. అమెరికన్ కంపెనీ టాప్స్ 1952లో బేస్‌బాల్ కార్డులు వేసింది. అమ్ముడుపోని పెట్టెలను 1960లో అట్లాంటిక్ సముద్రంలో పారబోయించామని ఆ కంపెనీ ఉద్యోగి సై బెర్గర్ స్వయంగా చెప్పారు. అదే ముద్రణలోని, మిక్కీ మాంటిల్ అనే ఆటగాడి కార్డు ఒకటి 2022 ఆగస్టులో కోటీ 26 లక్షల డాలర్లకు అమ్ముడుపోయింది. ఆ కార్డులు ఇంకా చాలామంది దగ్గర ఉన్నాయి. ఇది మాత్రం 70 ఏళ్ల తర్వాత కూడా మూలలు అరగకుండా, రంగు తగ్గకుండా ఉంది. నాణ్యతకు 10కి 9.5 మార్కులు తెచ్చుకుంది. ధరలో ఎక్కువ భాగం ఆ మూలలకే దక్కింది.

డబ్బు సంగతి అలా ఉంచి, నాకు ఎక్కువ ఇష్టమైన కథ మరొకటి ఉంది. న్యూయార్క్ రాష్ట్రంలోని సిరక్యూస్‌లో జెఫర్సన్ బర్డిక్ అనే కార్మికుడు ఉండేవాడు. కీళ్లవాతంతో వేళ్లు వంగిపోతున్నా జీవితమంతా ఇలాంటి కార్డులు, పాత అచ్చు కాగితాలు పోగుచేశాడు. మొత్తం మూడు లక్షలకు పైగా. వాటన్నిటినీ న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియంకు ఇచ్చేసి, ఏళ్ల తరబడి అక్కడే కూర్చుని ఒక్కొక్కటీ ఆల్బమ్‌లలో అమర్చాడు. 1963 జనవరిలో పని పూర్తిచేశాడు. మార్చిలో కన్నుమూశాడు. కార్డులకు ఆయన పెట్టిన జాబితా గుర్తులనే సేకర్తలు ఈనాటికీ వాడుతున్నారు. అయితే ఆయన కాలానికి పారదర్శకమైన అరల పేజీలు లేవు. కార్డులను జిగురుతో అతికించాడు. జిగురుతో అతికిన కార్డు వెనకవైపు దెబ్బతినకుండా ఊడి రాదు. ఆయనకు దొరకని సౌకర్యం ఈరోజు మన వీధి పిల్లవాడికి కూడా అందుబాటులో ఉంది. దాన్ని సరిగ్గా వాడుకోవడమే మన పని.

కార్డును దగ్గర నుంచి చూడండి

ఒక పోకేమాన్ కార్డు తీసుకుని అంచు కంటికి ఆనేలా పట్టుకోండి. వెడల్పు 63 మిల్లీమీటర్లు, ఎత్తు 88, మందం దాదాపు 0.3. అంత సన్నటి అంచులో కూడా మధ్యన ఒక ముదురు గీత కనిపిస్తుంది. రెండు కాగితపు పొరల మధ్య వేసిన నల్లటి పొర అది. వెలుతురుకు అడ్డంపెట్టి వెనక నుంచి కార్డు చదివేయకుండా ఆ ఏర్పాటు. ఇప్పుడు కార్డు తిప్పి వెనకవైపు నీలం అంచు చూడండి. మూలల్లో చిన్న తెల్లటి చుక్కలు కనిపిస్తున్నాయా? రంగు పొర అరిగి లోపలి కాగితం బయటపడిన చోట్లు అవి. బల్ల మీద గీసుకున్నా, అరలోకి అడ్డంగా తోసినా, వేలిగోరు తగిలినా ముందుగా దెబ్బతినేది ఆ మూలే. అక్కడ ఒకసారి పోయిన రంగు మళ్లీ రాదు.

అందుకే చేతులు కడిగి, బాగా తుడుచుకుని, కార్డును అంచులతో పట్టుకోవడం మొదటి పాఠం. జంతికలు తిన్న చేతి నూనె మరక ఆ పూటకు కనపడదు. కొన్ని నెలల తర్వాత పసుపు మచ్చగా తేలుతుంది.

కొలత కూడా గుర్తుంచుకోవాలి. 63×88 అనే కొలతను టాప్స్ 1957లో తన బేస్‌బాల్ కార్డులకు తెచ్చింది. తర్వాత దాదాపు అందరూ అదే పాటించారు. మార్కెట్లో దొరికే తొమ్మిది అరల పేజీలు దానికి సరిపోయేలా చేసినవే. యుగియో అనే మరో ఆట కార్డులు 59×86 మాత్రమే, అరలో కొంచెం కదులుతాయి, వాటికి చిన్న కొలత కవర్లు (స్లీవ్‌లు) వేరే ఉన్నాయి. 1957కు ముందు టాప్స్ కార్డులు పెద్దవి, వాటికి ఎనిమిది అరల పేజీలు కావాలి. మన పాత బబుల్‌గమ్ కార్డులు రకరకాల సైజుల్లో ఉంటాయి. కొనేముందు స్కేలుతో కొలవండి. పట్టని అరలోకి బలవంతంగా తోసిన కార్డు ఆ రోజే పాడైనట్టు.

అసలు కిటుకు ప్లాస్టిక్‌లో ఉంది

మన ఇళ్లలో పాత పెళ్లి ఆల్బమ్‌లు చాలామంది చూసే ఉంటారు. జిగురు గీతలున్న అట్ట మీద ఫొటో పెట్టి, పైన పారదర్శకమైన పొర కప్పే రకం. ముప్పై ఏళ్ల తర్వాత తెరిస్తే జిగురు గీతలు పసుపెక్కి ఉంటాయి, పై పొర ఫొటోకు అతుక్కుపోయి ఉంటుంది. లాగితే అమ్మ ముఖంలో సగం దానితో వచ్చేస్తుందేమోనని భయం. కార్డులకు జరిగేదీ అదే.

చౌక ప్లాస్టిక్ పేజీల్లో చాలావాటిని పీవీసీతో చేస్తారు. పీవీసీ సహజంగా గట్టిది. పేజీలా మెత్తగా వంగాలంటే అందులో నూనెలాంటి రసాయనాలు కలపాలి. ఏళ్లు గడిచేకొద్దీ ఆ రసాయనాలు మెల్లగా పైకి చెమర్చి, ఆనుకుని ఉన్న కాగితానికి అంటుకుంటాయి. పేజీ జిడ్డుగా మారుతుంది, అచ్చు రంగు ప్లాస్టిక్‌కు పట్టుకుంటుంది. పైగా పీవీసీ పాతబడేకొద్దీ ఆమ్ల వాయువు వదులుతుంది, అది కాగితాన్ని తినేస్తుంది. కార్డులకు పనికొచ్చేవి మూడు ప్లాస్టిక్‌లు: పాలీప్రొపిలీన్, పాలీఇథిలీన్, పాలియెస్టర్. ఇప్పుడు మంచి బైండర్లలో పేజీలు ఎక్కువగా పాలీప్రొపిలీన్‌తోనే వస్తున్నాయి.

పెట్టె మీద "యాసిడ్ ఫ్రీ" అని ఒక్కటే రాసి ఉంటే చాలదు, "పీవీసీ ఫ్రీ" లేదా "పాలీప్రొపిలీన్" అని కూడా ఉండాలి. ఏమీ రాసి లేకపోతే ఇంట్లోనే తేల్చుకోవచ్చు. ముందు వాసన చూడండి. కొత్త రెయిన్‌కోటు విప్పినప్పుడు వచ్చే ఘాటు వాసన వస్తే పీవీసీ అనే అనుమానించాలి. తర్వాత పేజీ అంచు నుంచి గోరంత ముక్క కత్తిరించి గ్లాసు నీళ్లలో వేసి, బుడగలు లేకుండా వేలితో ముంచి వదలండి. పాలీప్రొపిలీన్, పాలీఇథిలీన్ నీటి కంటే తేలిక, పైకి తేలతాయి. పీవీసీ బరువు, మునుగుతుంది. పాలియెస్టర్ కూడా మునుగుతుంది, కానీ అది బిరుసుగా, గరగరమంటూ, వాసన లేకుండా ఉంటుంది. మెత్తగా ఉండి మునిగిపోయిందంటే ఆ పేజీలో కార్డులు పెట్టకండి.

మా వాడి బైండర్ పేజీ ముక్క తేలింది. కానీ వాడు మరో యాభై కార్డులు ఎక్కడో కొన్న చిన్న ఆల్బమ్‌లో పెట్టుకున్నాడు. దాని ముక్క గ్లాసు అడుక్కి చేరింది. ఆ సాయంత్రమే ఆ యాభై కార్డులనూ ఖాళీ చేశాం. రెండు కార్డులు పేజీకి కొద్దిగా అంటుకుని "చిర్రు"మని ఊడాయి. ఇంకో రెండేళ్లు ఆగి ఉంటే అలా ఊడేవి కావు.

ఏ బైండర్ మంచిది?

బైండర్లు రెండు రకాలు. మొదటిది రింగ్ బైండర్. స్టేషనరీ షాపులో దొరికే రింగ్ ఫైల్ లాంటిదే. పేజీలు విడిగా కొని చేర్చుకోవచ్చు, వరస మార్చుకోవచ్చు. ఇందులో రింగు ఆకారం చూడాలి. గుండ్రటి రింగైతే, బైండర్ మూసినప్పుడు పేజీలు ఆ వంపు మీదికి ఎక్కుతాయి. లోపలి వరస కార్డుల మీద రింగు నొక్కుకుని అర్ధచంద్రాకారపు గుంట పడుతుంది. ఆ గుంట ఇక పోదు. ఇంగ్లిష్ "డి" అక్షరం ఆకారంలో ఒకవైపు నిటారుగా ఉండే రింగైతే పేజీలు ఆ నిటారు గోడను ఆనుకుని ఒద్దికగా నిలుస్తాయి. రింగ్ బైండరే కొనాలనుకుంటే "డి" రింగు ఉన్నదే కొనండి.

రెండో రకంలో పేజీలు అట్టకు కుట్టేసి లేదా అతికించి ఉంటాయి. రింగు లేదు కాబట్టి గుంట భయం లేదు. చుట్టూ జిప్ ఉంటే దుమ్ము, పురుగులు లోపలికి రావు. తొమ్మిది అరల పేజీలు 20 ఉంటే, ముందూ వెనకా కలిపి 360 కార్డులు పడతాయి. పేజీలు పెంచుకోలేం, వరస మధ్యలో మార్చడం కష్టం. ఒక సెట్ పూర్తి చేసేవాళ్లకు ఇది బాగుంటుంది, సేకరణ ఇంకా పెరుగుతూ ఉన్నవాళ్లకు రింగ్ బైండర్ మేలు.

అర నోరు ఎటువైపు ఉందో కూడా చూడాలి. పైనుంచి తెరుచుకునే అరలో, బైండర్ తలకిందులైతే కార్డులు జారిపడతాయి. పక్కనుంచి, అందులోనూ కుట్టువైపు తెరుచుకునే అరలో కార్డు జారడానికి దారి లేదు. స్కూలు బ్యాగులో బైండర్ మోసుకెళ్లే పిల్లలకు పక్క అరలదే కొనిపెట్టండి.

రకం ఏదైనా, పట్టేదానికంటే ఎక్కువ కుక్కకూడదు. బైండర్ మూస్తే అట్ట తనంతట తాను బల్లపరుపుగా ఆనాలి. చేత్తో నొక్కి మూయాల్సి వస్తోందంటే మధ్య పేజీల కార్డుల మీద రాత్రింబవళ్లు ఆ ఒత్తిడి పడుతూనే ఉంటుంది. తాళపత్రాలకు రెండువైపులా చెక్క పలకలు వేసి తాడు చుట్టిన మన పెద్దవాళ్లకు ఈ సంగతి బాగా తెలుసు. పలకలు ఆకులను కదలకుండా పట్టుకోవాలి, తాడు అంచులను కోసేంత బిగుసుకోకూడదు.

స్లీవ్: కార్డుకు లోపలి చొక్కా

పేజీ అరలో కార్డును నేరుగా పెట్టకుండా, ముందు స్లీవ్‌లో పెట్టి తర్వాత అరలో పెట్టడం మంచిది. స్లీవ్ అంటే కార్డు కొలతకు చేసిన పారదర్శకమైన సన్నటి కవరు. అరలోకి పెట్టేటప్పుడు, తీసేటప్పుడు గీతలన్నీ స్లీవ్ భరిస్తుంది, కార్డు మీద పడవు.

బాగా ఇష్టమైన కార్డులకు రెండు స్లీవ్‌లు వాడతారు. ముందు కార్డును ఒంటికి అతుక్కునేలా ఉండే లోపలి స్లీవ్‌లోకి తల కిందకు పెట్టి జార్చాలి. అప్పుడు స్లీవ్ నోరు కార్డు అడుగు వైపు వస్తుంది. దాన్ని కొంచెం పెద్దదైన బయటి స్లీవ్‌లోకి మామూలుగా పెట్టాలి. బయటిదాని నోరు పైకి ఉంటుంది. రెండు నోళ్లు ఎదురెదురు దిక్కుల్లో ఉండటం వల్ల దుమ్ము కార్డును చేరదు. లోపల గాలి ఉంటే వేలితో మెల్లగా నిమిరి పంపేయండి. అయితే రెండు స్లీవ్‌లు వేసిన కార్డు కొన్ని అరల్లో బిగుతుగా ఉంటుంది. ఒక్క కార్డుతో చూసుకుని, హాయిగా జారితేనే మిగతావి పెట్టండి.

మరీ విలువైన కార్డుకు గట్టి ప్లాస్టిక్‌తో చేసిన టాప్‌లోడర్ ఉంటుంది. అది మామూలు బైండర్ అరలో పట్టదు, దానికి పెద్ద అరల బైండర్లు వేరే వస్తాయి. మార్కులు వేయించి గట్టి డబ్బాలో సీలు చేయించిన కార్డులకు విడిగా పెట్టె కావాలి.

వరస పెట్టడంలో ఆనందం

పోకేమాన్ కార్డు కింది మూలలో ఒక చిన్న అంకె ఉంటుంది. మొదటి సెట్‌లోని చారిజార్డ్ మీద 4/102 అని ఉంటుంది. 102 కార్డుల సెట్‌లో నాలుగోది అని అర్థం. తర్వాతి సెట్లలో కొన్నిటి మీద మొదటి అంకె రెండోదాన్ని మించి ఉంటుంది, అవి సెట్‌లో చివర దాచిన అరుదైన కార్డులు.

ఈ అంకెల వరసలో పెడితే 102 కార్డులకు పేజీకి ఒకవైపు తొమ్మిది చొప్పున 12 ముఖాలు కావాలి. అంటే ఆరు పేజీలు, చివర్లో ఆరు అరలు ఖాళీ. లేని కార్డు అరను ఖాళీగానే ఉంచండి. వెనక కార్డు ముందుకు జరపకండి. జరిపితే ఆ కార్డు దొరికిన రోజున మొత్తం వరస మళ్లీ సర్దాలి, సర్దిన ప్రతిసారీ మూలలు అరుగుతాయి. పైగా పిల్లలకు ఖాళీ అర ఒక ఎదురుచూపు. మా వాడు ఖాళీ అరల్లో కార్డు సైజు కాగితాలు పెట్టి, వాటి మీద ఆ కార్డు పేరు పెన్సిల్‌తో రాసుకున్నాడు.

ఒక అరలో వీపులు కలిపి రెండు కార్డులు పెడితే రెండువైపులా బొమ్మలు కనిపిస్తాయి, చోటు కలిసొస్తుంది. వెనకవైపు ఆటగాడి పరుగులు, వికెట్ల వివరాలుండే క్రికెట్ కార్డులకు మాత్రం అరకు ఒకటే పెట్టండి. స్నేహితులతో మార్చుకునే కార్డులకు వేరే చిన్న బైండర్ ఉంచితే, పదిమంది చేతులు పడేది దాని మీదే, అసలు సేకరణ ఇంట్లో భద్రంగా ఉంటుంది. ఏ కార్డు ఎప్పుడు, ఎక్కడ దొరికిందో ఒక నోటుపుస్తకంలో రాసుకుంటే ఇంకా మంచిది. బర్డిక్ కార్డులను ఈనాటికీ ఉపయోగపడేలా నిలిపింది ఆయన రాసిన జాబితాయే.

మన వాతావరణంలో మన జాగ్రత్తలు

పాశ్చాత్య దేశాల సలహాలు చాలావరకు చల్లటి, పొడి ఇళ్లను దృష్టిలో పెట్టుకుని రాసినవి. మనకు కోస్తాలో ఏడాదిలో చాలా నెలలు గాలి చెమ్మగానే ఉంటుంది. తెలంగాణలో ఎండాకాలం పొడి, వానాకాలం తడి. కాగితానికి హాయిగా ఉండేది గాలిలో తేమ 40 నుంచి 50 శాతం మధ్య ఉన్నప్పుడు. హైగ్రోమీటర్ అనే చిన్న పరికరం ఆ శాతం చూపిస్తుంది, కొద్ది వందల రూపాయల్లో దొరుకుతుంది.

ఇల్లంతా ఆ శాతంలో ఉంచలేం, ఉంచక్కర్లేదు. రబ్బరు బిగింపు ఉన్న మూత గట్టి ప్లాస్టిక్ డబ్బాలో బైండర్ పెట్టి, పక్కన సిలికా జెల్ పొట్లాలు వేస్తే ఆ డబ్బా లోపల మాత్రం వాతావరణం మన చేతిలో ఉంటుంది. పొట్లాలను కార్డులకు ఆనించకండి. అవి తేమతో నిండిపోయాక వాటి మీద రాసిన పద్ధతిలో వేడిచేసి మళ్లీ వాడండి, లేదా మార్చండి. ఎక్కువ వేసి మరీ పొడిచేస్తే మెరుపు కార్డులు వెనక్కి వంగుతాయి, కాబట్టి హైగ్రోమీటర్ చూసుకుంటూ వేయాలి.

మా అమ్మ వెంటనే చెప్పిన ఉపాయం: "బీరువాలో పెట్టి నాలుగు కలరా ఉండలు వెయ్యి." బీరువా మంచిదే. కానీ చెమ్మ దిగే గోడకు ఆనించిన బీరువా వద్దు, గోడకూ దానికీ జానెడు ఖాళీ ఉండాలి. కలరా ఉండలు మాత్రం వద్దు. వాటి ఆవిరి కొన్ని ప్లాస్టిక్‌లను మెత్తబరుస్తుంది, వాసన కాగితానికి పట్టి వదలదు. ఆ మాట చెబితే అమ్మే అంది, "అవును, పట్టుచీరలకు కూడా ఉండలు తగలనివ్వం, ప్లాస్టిక్ కవర్లో కూడా పెట్టం. నూలు గుడ్డలో చుట్టి, ఏడాదికి రెండుసార్లు మడత మారుస్తాం." కార్డులకూ అలాంటి శ్రద్ధే కావాలి. రెండు మూడు నెలలకోసారి, పొడిగా ఉన్న రోజు చూసి, బైండర్ తెరిచి పేజీలన్నీ తిప్పండి. చెమ్మ, బూజు, పుస్తకాల్లో తిరిగే వెండిరంగు పురుగు, చెదలు ఉంటే అప్పుడే కనిపిస్తాయి. అటక మీద వేడి, నేల మీద వరద నీరు, వంటింట్లో నూనె పొగ ఉంటాయి. ఈ మూడు చోట్లా పెట్టకండి.

రింగ్ బైండర్ సగం ఖాళీగా ఉంటే నిలబెట్టకండి, పేజీలు కిందకు జారి కార్డులు వంగుతాయి. పడుకోబెట్టండి, పైన బరువులు పేర్చకండి. నిండుగా ఉన్న బైండర్‌ను అరలో పుస్తకంలా నిలబెట్టవచ్చు, పక్కకు వాలకుండా ఆసరా ఉంటే చాలు.

గోడ మీద పెట్టుకోవాలంటే

బొమ్మను పదిమందికీ చూపించాలనిపించడం సహజం. కానీ వెలుతురు చేసే నష్టం పేరుకుపోతుంది. ఈరోజు పోయిన రంగు రేపు చీకట్లో పెట్టినా తిరిగిరాదు. మ్యూజియంలు కాగితపు బొమ్మలను 50 లక్స్ అనే చాలా మంద వెలుతురులో ప్రదర్శిస్తాయి, కొన్ని నెలలకోసారి లోపలికి తీసుకెళ్లి వేరేవి పెడతాయి. మనమూ అలాగే చేయవచ్చు. కిటికీ ఎండ నేరుగా పడని గోడ ఎంచుకోండి. అతినీలలోహిత కిరణాలను ఆపే అక్రిలిక్ ఉన్న ఫ్రేము వాడండి. మూడు నెలలకోసారి కార్డు మార్చండి. ఎండ తగిలే చోట తప్పదనుకుంటే రంగు ప్రింటు తీయించి అది పెట్టండి, అసలు కార్డు బైండర్లోనే ఉండనివ్వండి. నిజానికి బైండరే అన్నిటికంటే మంచి ప్రదర్శనశాల. మూసి ఉన్నప్పుడు చీకటి, తెరిచినప్పుడు తొమ్మిది బొమ్మలు ఒక్కసారిగా కళ్లముందు.

ఎప్పటికీ చేయకూడనివి

కార్డుల కట్టకు రబ్బరు బ్యాండు వేయకండి, అంచులు కోసుకుపోతాయి, పాతబడ్డ రబ్బరు కరిగి అంటుకుంటుంది. చిరిగిన మూలకు సెలోటేప్ వేయకండి. వంగిన కార్డును ఇస్త్రీపెట్టెతో నొక్కకండి, ఫాయిల్ పొర దెబ్బతింటుంది. ముఖ్యంగా లామినేషన్ చేయించకండి. సర్టిఫికెట్లు లామినేట్ చేయించే అలవాటు మనకు బాగా ఉంది. వేడితో కరిగిన జిగురు కాగితంలోకి దిగిపోతుంది, మళ్లీ విడదీయలేం. లామినేట్ చేసిన కార్డు సేకర్తల లెక్కలో పాడైపోయిన కార్డే.

డబ్బు తక్కువగా ఉంటే ఏది ముందు కొనాలి? మొదట స్లీవ్‌లు, తర్వాత పీవీసీ లేని పేజీలు, ఆ తర్వాత "డి" రింగ్ బైండర్, చివరగా డబ్బా, సిలికా జెల్. ఖరీదైన తోలు అట్ట లేకపోయినా కార్డుకు లోటు లేదు. బజార్లో చౌకగా దొరికే బంగారు రంగు ప్లాస్టిక్ పోకేమాన్ కార్డులు చాలావరకు నకిలీవి, వాటికి మార్కెట్ విలువ లేదు. అయినా పిల్లవాడికి అవి ప్రాణమైతే వాటికీ ఒక పేజీ ఇవ్వండి. జాగ్రత్త నేర్చుకోవడానికి ఏ కార్డైనా పనికొస్తుంది.

మా వాడి వంగిన కార్డుల మాటకొస్తే, వాటిని ఒక్కొక్కటీ స్లీవ్‌లో పెట్టి, గట్టి డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో పాటు ఉంచి, పైన ఒక పలచటి పుస్తకం పెట్టాం. రోజూ పొద్దున్నే మూత తీయకుండా పక్కనుంచి చూసేవాడు. ఐదో రోజుకు దాదాపు అన్నీ సమంగా అయ్యాయి. చారిజార్డ్ మాత్రం ఒక మూల కొద్దిగా లేచే ఉంది.

తల్లిదండ్రులకు ఒక మాట. పిల్లల కార్డులను చెత్త కాగితాలనుకుని అటకెక్కించకండి, ఖరీదైనవని తాళం వేసీ ఉంచకండి. ఒక ఆదివారం మధ్యాహ్నం వాళ్ల పక్కన కూర్చుని, చేతులు కడిగించి, ఒక్క పేజీ సర్దించండి. గ్లాసు నీళ్లలో ప్లాస్టిక్ ముక్క వేసి చూపించండి. ఒక వస్తువు తన తర్వాత కూడా ఉండాలని కోరుకుంటూ దాన్ని మెల్లగా పట్టుకోవడం పిల్లవాడు అక్కడే నేర్చుకుంటాడు.